ఏ గదిలో కూర్చోవాలి? స్కూల్ కౌన్సెలింగా, మెంటల్ హెల్త్ కౌన్సెలింగా?

మన తెలుగులో కౌన్సెలింగ్ అనే మాటకి చాలా అర్థాలున్నాయి, అసలుది తప్ప. ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి మనకి ముందు గుర్తొచ్చేది ఎంసెట్ కౌన్సెలింగ్ (పేరు మారి ఏళ్ళవుతున్నా ఇంట్లో అది ఇంకా ఎంసెటే). ర్యాంక్ కార్డు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, అర్ధరాత్రి దాకా వెబ్ ఆప్షన్లు. టీచర్ల ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి బదిలీల కౌన్సెలింగ్ తెలుసు. పేపర్ తిరగేస్తే 'రౌడీషీటర్లకు కౌన్సెలింగ్', 'మందుబాబులకు కౌన్సెలింగ్' కనిపిస్తాయి. అంటే సీఐ గారు అందర్నీ వరసగా నిలబెట్టి గట్టిగా చెప్పి పంపించారని. ఇంకోటి గమనించారా? మనం ఎప్పుడూ కౌన్సెలింగ్ 'ఇస్తాం'. చెప్పేవాడు ఒకడు, తల దించుకుని వినేవాడు ఇంకొకడు. అసలు పనిలో ఎక్కువసేపు వినాల్సింది కౌన్సెలరే అని నాకు ఈమధ్య దాకా తెలీదు.

పోయిన సంక్రాంతికి ఖమ్మం వెళ్తే మా పెద్దమ్మ వాళ్ళింట్లో దీని మీదే చర్చ. అక్కది ఎమ్మే సైకాలజీ చివరి సెమిస్టర్. ఊళ్ళోనే ఉన్న ఒక సీబీఎస్‌ఈ స్కూల్ వాళ్ళు జూన్ నుంచి కౌన్సెలర్‌గా రమ్మన్నారు. అక్కకేమో క్లినికల్ సైకాలజీ ఎంట్రన్స్ రాయాలని ఉంది. "స్కూలయితే సెలవులుంటాయి, నాలుగున్నరకల్లా ఇంట్లో ఉంటావు" అని పెద్దమ్మ. "ఇంత చదివి పిచ్చోళ్ళ మధ్య కూర్చుంటావా తల్లీ" అని పెద్దనాన్న. అమ్మమ్మ మాత్రం, రంది ఉన్నోళ్ళతో మాట్లాడినందుకు జీతం కూడా ఇస్తారా అని ఆశ్చర్యపోయింది.

అక్క నన్ను పక్కకి పిలిచి, "నువ్వు సీఎస్‌ఈ కదరా, రూల్స్ అన్నీ వెతికి ఒక షీట్ చేసివ్వు" అంది. సీఎస్‌ఈకి దీనికి సంబంధం ఏంటో నాకర్థం కాలేదు గానీ చేశాను. ఎక్సెల్‌లో రెండు వరసలు: స్కూల్ కౌన్సెలర్, మెంటల్ హెల్త్ కౌన్సెలర్. పైన కాలమ్స్: ఎన్నేళ్ళు చదవాలి, ఫీజు, జీతం, సెలవులు. రెండు వారాలు నింపాక తెలిసింది, నేను పెట్టిన కాలమ్సే తప్పని. మన బ్యాచ్‌లోనే ఇద్దరు బీటెక్ అయ్యాక సైకాలజీ వైపు వెళ్దామా అని అడిగారు కాబట్టి, ఆ షీట్‌లో మిగిలినదీ, షీట్‌లో పట్టనిదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు, ఎవరెవరు

మనం అందర్నీ కలిపి 'సైకాలజిస్టు' అనేస్తాం. లెక్క వేరే. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ పైన సైకియాట్రీలో ఎండీ చేసిన డాక్టరు. మందులు రాసేది ఈయనే. క్లినికల్ సైకాలజిస్ట్ డాక్టరు కాదు, మందులు రాయరు. పరీక్షలు చేసి సమస్య ఏంటో అంచనా వేస్తారు, మాటలతో చేసే చికిత్స చేస్తారు. ఈ పేరు ఎవరు పడితే వాళ్ళు పెట్టుకోకూడదు. 1992 నాటి చట్టం కింద పనిచేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్టర్‌లో పేరుండాలి. దానికి ఇన్నాళ్ళూ మామూలు దారి ఎమ్మే తర్వాత రెండేళ్ళ ఎంఫిల్, అదీ ఆస్పత్రిలో పేషెంట్లని చూస్తూ. 2022లో యూజీసీ ఎంఫిల్ అనే డిగ్రీనే ఎత్తేసి, దీనికి మాత్రం కొన్నాళ్ళు గడువు పొడిగించింది. కోర్సుల పేర్లు మారుతున్నాయి. కాబట్టి మా సీనియర్ చెప్పాడు అని కాకుండా, చేరే ఏడాది ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోండి. నేను చేసిన షీట్‌లో ఈ ఒక్క గడినే నాలుగుసార్లు మార్చాను.

ఇక 'కౌన్సెలర్'. ఈ మాటకి మన దేశంలో ఇన్నాళ్ళూ తాళం లేదు. ఆరేళ్ళు చదివినవాళ్ళూ, రెండు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ళూ ఒకే బోర్డు పెట్టుకోవచ్చు. 2021లో వచ్చిన నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కౌన్సెలర్లనీ, ఆర్‌సీఐ కిందకి రాని సైకాలజిస్టులనీ ఒక రిజిస్టర్‌లోకి తేవడానికి దారి వేసింది. తాళం అయితే తయారవుతోంది.

అమెరికాలో ఇది మొదటి రోజు నుంచే రెండు దారులు. మాస్టర్స్‌లోనే స్కూల్ కౌన్సెలింగ్, క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ అని విడిగా చేరతారు. అక్కడి గుర్తింపు సంస్థ కేక్రెప్ లెక్క ప్రకారం ఎవరైనా 600 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి, అందులో 240 గంటలు నేరుగా మనుషులతో. ఆ తర్వాత స్కూల్ వాళ్ళకి రాష్ట్ర విద్యాశాఖ సర్టిఫికెట్ ఇస్తుంది. రెండో వాళ్ళు ఇంకొకరి పర్యవేక్షణలో ఇంకా చాలా గంటలు పనిచేస్తేగానీ లైసెన్స్ రాదు. 2009లో కాలిఫోర్నియా కూడా చట్టం చేయడంతో అన్ని రాష్ట్రాల్లోనూ ఈ లైసెన్స్ వచ్చినట్టయింది. ఎమ్మెస్‌కి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. ఆ లైసెన్స్ అక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒక్కోలా ఉంటుంది, దాన్ని తెచ్చి ఇక్కడ చూపిస్తే మీరు క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోరు.

బడిలో గది

సీబీఎస్‌ఈ నిబంధనల్లో సెకండరీ, సీనియర్ సెకండరీ స్కూళ్ళు 'కౌన్సెలర్ అండ్ వెల్‌నెస్ టీచర్'ని పెట్టుకోవాలని ఉంది. సైకాలజీ డిగ్రీ ఉన్నవాళ్ళు గానీ, వేరే డిగ్రీ ఉండి గైడెన్స్, కౌన్సెలింగ్‌లో డిప్లొమా చేసినవాళ్ళు గానీ అర్హులు. ఎన్‌సీఈఆర్‌టీ ఏడాది డిప్లొమా నడుపుతుంది. మొదటి ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు ఎదురుగా క్లాసులు, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. మన వైపు వాళ్ళకి సెంటర్ మైసూరులోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్.

దీనికి ఇప్పుడు ఇంకో బలం వచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ 2023లో చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ, స్కూళ్ళకీ కాలేజీలకీ కోచింగ్ సెంటర్లకీ హాస్టళ్ళకీ కలిపి 15 మార్గదర్శకాలు పెట్టింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్ట్ గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, అందరి ముందూ అవమానించకూడదు అని కూడా ఉంది. ఇంటర్‌లో సూపర్ సిక్స్టీలూ ఫలానా స్పెషల్ బ్యాచ్‌లూ చూసి వచ్చిన మనకి ఆ వాక్యం చదువుతుంటే ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. తగిన చట్టం గానీ నిబంధనలు గానీ వచ్చేదాకా ఇవి అమల్లో ఉంటాయని కోర్టు చెప్పింది. అంటే బడిలో కూర్చునే కౌన్సెలర్లు ముందు ముందు చాలామంది కావాలి.

మరి ఆ గదిలో పని ఏంటి? నేను అనుకున్నది ఏడ్చే పిల్లల్ని ఓదార్చడం. అక్క ఇంటర్న్‌షిప్ డైరీలో చూస్తే అది చిన్న ముక్కే. ఎక్కువ భాగం అసలు ఏ సమస్యా లేని పిల్లలతో. ఆరో తరగతికి స్నేహాలూ ఏడిపించడాలూ గురించి పీరియడ్లు, తొమ్మిదికి ఫోన్, పదికి పరీక్ష భయం, పది తర్వాత ఎంపీసీయా బైపీసీయా అని అమ్మానాన్నలతో మీటింగ్. తర్వాత చిన్న చిన్న గుంపులు. ఆ పైన ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం, అదీ నాలుగైదుసార్లు. అంతకు మించితే బయటికి పంపాలి. ఎవరిని, ఎప్పుడు, ఎక్కడికి పంపాలో తెలియడమే ఈ ఉద్యోగంలో సగం.

ఒక ఉదాహరణ చెప్తే రెండు గదులకీ తేడా తెలుస్తుంది. ఆరో తరగతి పిల్లాడు. నోటితో అడిగితే అన్నీ చెప్తాడు, రాయమంటే పేజీ ఖాళీ. 'బ' రాయాల్సిన చోట ఇంకోటి రాస్తాడు, చదివేటప్పుడు లైన్ దాటేస్తాడు. టీచర్లు సోమరి అంటారు, ఇంట్లో దెబ్బలు. స్కూల్ కౌన్సెలర్ చేసే పని: మూడేళ్ళ నోటుబుక్కులు తెప్పించి పక్కపక్కన పెట్టి చూడటం, తెలుగు టీచర్నీ లెక్కల సార్‌నీ విడివిడిగా అడగటం, వెనక బెంచీలో కూర్చుని క్లాస్ గమనించడం, కళ్ళూ చెవులూ టెస్ట్ చేయించమనడం, తర్వాత నాన్నని పిలిచి ఇది ఒళ్ళు బద్ధకం కాకపోవచ్చు అని ఒప్పించడం. ఈ చివరిది అన్నిటికంటే కష్టం. ఇది డిస్లెక్సియా అని పేరు పెట్టే పని మాత్రం తనది కాదు. ఆ పరీక్షలు చేసి రిపోర్ట్ రాసేది క్లినికల్ సైకాలజిస్ట్. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో నేర్చుకోవడంలో వచ్చే ఈ ఇబ్బందులు కూడా ఉన్నాయి కాబట్టి, సర్టిఫికెట్ వచ్చాక బోర్డు పరీక్షలో ఎక్కువ టైమ్, అవసరమైతే రాసిపెట్టే మనిషి దొరుకుతారు. ఆ కాగితం తిరిగి బడికి వచ్చాక మళ్ళీ పని స్కూల్ కౌన్సెలర్‌దే: అది బీరువాలో పడిపోకుండా, పదో తరగతి దాకా ఏటా మారే క్లాస్ టీచర్లందరికీ తెలిసేలా చూడటం.

ఇందులో ఎవరు గొప్ప? నా షీట్‌లో క్లినికల్ వాళ్ళకి ఎక్కువ మార్కులు వేశాను. అక్క చూసి, "రిపోర్ట్ దాకా ఆ పిల్లాడు వస్తేనే కదరా" అంది.

బాధలూ ఉన్నాయి. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ 250 మంది పిల్లలకి ఒక కౌన్సెలర్ ఉండాలంటుంది. మన దగ్గర స్కూల్ మొత్తానికి ఒకరు ఉంటే అదృష్టం. ఆ ఒక్కరికీ సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు, ఇన్విజిలేషన్, యాన్యువల్ డే యాంకరింగ్. గుంపుని ఇష్టపడేవాళ్ళకి, రోజుకి పదిసార్లు పని మారినా విసుగు రానివాళ్ళకి ఇది నప్పుతుంది.

మా రూమ్మేట్

ఈ భాగం వాడిని అడిగే రాస్తున్నాను. పేరు వద్దన్నాడు, కాలేజీ పేరు నేనే వద్దనుకున్నాను.

ఇంటర్ ఫస్టియర్, రెసిడెన్షియల్. వాడు దసరా సెలవుల నుంచి వచ్చాక రాత్రిళ్ళు నిద్రపోవడం మానేశాడు. మెస్‌లో ప్లేట్ పట్టుకుని అలాగే కూర్చునేవాడు. నోటీస్ బోర్డు మీద 'స్టూడెంట్ కౌన్సెలర్' అని ఒక గది నంబరు ఉండేది. నేనే వాడిని తీసుకెళ్ళాను. "ఏం కాదురా, ఎవరికీ చెప్పరు, అది వాళ్ళ రూల్" అని కూడా అన్నాను. ఎక్కడో ఇంగ్లీష్ సిరీస్‌లో చూసిన రూల్ అది.

వాడు లోపల నలభై నిమిషాలున్నాడు. నాన్నకి భయపడి ఎంపీసీ తీసుకున్నానని, లెక్కలు చూస్తే చేతులు వణుకుతున్నాయని చెప్పాడట. బయటికి వచ్చాక మొహం తేలిగ్గా ఉంది. ఆ రోజు చాలా రోజుల తర్వాత మెస్‌లో రెండోసారి సాంబార్ వేయించుకున్నాడు. సాయంత్రం స్టడీ అవర్‌లో ప్రిన్సిపాల్ పిలిచారు. మర్నాడు పొద్దున వాళ్ళ నాన్న బస్సు దిగి వచ్చారు. గేటు దగ్గర ఆయన వాడిని ఏమన్నారో మా ఫ్లోర్ అంతా విన్నది. వాడు కాలేజీ మానలేదు, ఎంపీసీ మానలేదు. మాట్లాడటం మానేశాడు. నాతో కూడా. "ఎవరికీ చెప్పరన్నావుగా" అన్నదే వాడు నాతో ఆ ఏడాది అన్న చివరి పెద్ద వాక్యం.

తర్వాత తెలిసింది, ఆ సార్ మధ్యాహ్నాలు అదే గదిలో అడ్మిషన్ల కౌన్సెలింగ్ చేసేవారని. కౌన్సెలింగ్ అనే మాట గురించి మొదట్లో నేను నవ్వుతూ రాశాను గానీ, ఒకే బోర్డు కింద రెండు పనులు జరిగితే ఏమవుతుందో నాకు తెలుసు.

నా ఎక్సెల్‌లో లేని కాలమ్ ఇదే: నీ ఎదురుగా కూర్చున్న మనిషి, నువ్వు ఎవరి మనిషివని అనుకుంటాడు? క్లినిక్‌లో ఫీజు ఇచ్చిన పెద్దవాళ్ళు నీ మనిషే అనుకుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పేషెంటు వివరాలు రహస్యంగా ఉంచడాన్ని హక్కుగా రాసింది. ప్రాణాపాయం, ఇంకొకరికి హాని లాంటి కొన్ని మినహాయింపులతో. బడిలో జీతం ఇచ్చేది యాజమాన్యం, ఫీజు కట్టేది నాన్న, మనసు విప్పేది పిల్లాడు. ముగ్గురూ కౌన్సెలర్ తమ మనిషే అనుకుంటారు.

అలాగని పిల్లలు చెప్పిందంతా గుండెల్లో దాచేసుకోవడం కూడా కుదరదు. 18 ఏళ్ళలోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది. చెప్పకపోతే నేరం. ప్రాణానికి ముప్పు ఉందనిపించినా పెద్దవాళ్ళకి చెప్పాలి. అందుకే సరిగ్గా శిక్షణ ఉన్నవాళ్ళు మొదటి రోజు, పిల్లాడు నోరు తెరవకముందే చెప్తారట: 'ఇక్కడ నువ్వు చెప్పేది ఇక్కడే ఉంటుంది. ఇవి, ఇవి మాత్రం ఉండవు. అవి ఎవరికైనా చెప్పాల్సి వస్తే ముందు నీకు చెప్పి, నీతో కలిసే చెప్తాను.' మా రూమ్మేట్ చెప్పినదాంట్లో ఆ మినహాయింపులు ఏవీ లేవు. వాళ్ళ నాన్నతో మాట్లాడటం అవసరమే కావచ్చు. వాడితో కలిసి, నాలుగు రోజులు ఆగి, ప్రిన్సిపాల్ లేకుండా మాట్లాడి ఉండొచ్చు.

(మీలో ఎవరికైనా రాత్రిళ్ళు అలా ఉంటే, టెలీ మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, 24 గంటలూ పనిచేస్తుంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. హాస్టల్ నోటీస్ బోర్డు మీద లేకపోతే అంటించండి.)

ఆస్పత్రిలో గది

పెద్దనాన్న 'పిచ్చోళ్ళ మధ్య' అన్నది ఎర్రగడ్డని ఊహించుకుని. ఆ ఊరి పేరే మనకి తిట్టు అయిపోయింది, విశాఖ వాళ్ళకి చినవాల్తేరు లాగా. అక్కడ ఉన్నవి నిజానికి పెద్ద ప్రభుత్వ మానసిక వైద్యశాలలు. అవి కాక జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది, 1996 నుంచి. జనరల్ ఆస్పత్రుల్లో సైకియాట్రీ విభాగాలు, మత్తు మాన్పించే కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, సొంత క్లినిక్‌లు, ఇప్పుడు వీడియో కాల్ మీద నడిచేవి.

అవసరం ఎంతంటే, నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందట్లేదు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు.

ఈ గదిలో పని నెమ్మది. గంటకి ఒకరు. ఒకే మనిషి వారం వారం నెలల తరబడి. ఆలోచనలు, అలవాట్లు, భయాలు ఒక్కోటీ విప్పి, ఇంటి దగ్గర చేయాల్సిన చిన్న పనులు ఇచ్చి, మళ్ళీ వారం చూడటం. కొన్నిసార్లు సైకియాట్రిస్ట్ మందులు ఇస్తుంటే పక్కన ఇది నడుస్తుంది. ఒకే కేసు గురించి తనకంటే సీనియర్‌తో కూర్చుని 'నేను ఇక్కడ తప్పు చేశానా' అని అడగడం కూడా పనిలో భాగమే. మన కోడ్ రివ్యూ లాంటిది అనుకోండి, కాకపోతే ఇక్కడ రోల్‌బ్యాక్ లేదు.

వచ్చినవాళ్ళలో చాలామంది రెండోసారి రారు. ఒక్క సిట్టింగ్‌కే తగ్గిపోవాలనుకుంటారు. అసలు నేరుగా ఇక్కడికి వచ్చేవాళ్ళే తక్కువ. గుండెదడ అని ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి, గ్యాస్ అని ఇంకో డాక్టర్ దగ్గరికి, ఈసీజీ నార్మల్ అన్నాక తాయెత్తుకి, అన్నీ అయ్యాక ఇక్కడికి. సొంతంగా పెట్టుకుంటే మొదటి ఏళ్ళల్లో ఆదాయం స్కూల్ జీతమంత నమ్మకంగా ఉండదు. ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని ఓపిక పట్టగలగాలి. ఒకరి కష్టం ఆర్నెల్లు వినీ ఇంటికొచ్చి అన్నం తినగలగాలి. అక్క దీన్నే ఎక్కువ ఆలోచించింది.

మాటలు

లిటరరీ క్లబ్ పత్రికలో ఇది ఎందుకు అని ఎడిటర్ అడగకముందే చెప్పేస్తాను. అక్క పుస్తకాలన్నీ ఇంగ్లీషులో. వచ్చే మనిషి 'డిప్రెషన్' అనడు. అమ్మమ్మ 'రంది' అంటుంది. 'మనాది' అని ఇంకో మాట ఉంది, మనిషి పోయాకో, ఏదైనా చేజారాకో లోపల్లోపల తినేసేది. కోస్తా వైపు పిల్ల హాస్టల్‌కి వెళ్ళి జ్వరం తెచ్చుకుంటే 'బెంగ పెట్టుకుంది' అంటారు. దిగులు వేరు, గుబులు వేరు. గుబులు ముందు జరగబోయేదాని గురించి. దిగులుకి అలాంటి లెక్క లేదు. 'మనసు మనసులో లేదు', 'ఏం తోచట్లేదు', 'లోపల ఎవరో పిసికినట్టుంది'. ఇవన్నీ ఒకటే అనుకుని డిప్రెషన్ గడిలో టిక్కు పెట్టేస్తే మనిషి చెప్పిందాంట్లో సగం పోయినట్టే.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. నాకు ఎమోషన్స్ అన్నీ ఇంగ్లీషులోనే వస్తాయని గొప్పగా అనుకునేవాణ్ణి. రూమ్మేట్ అప్పట్లో నాతో అన్నది "గుబులుగా ఉందిరా" అని. నేను దాన్ని 'టెన్షన్' అని అనువాదం చేసుకుని, మంచి నీళ్ళు తాగి పడుకో అన్నాను. ఏ గది ఎంచుకున్నా ఈ మాటలు కావాలి. చిన్నపిల్లల దగ్గరైతే ఇవి కూడా ఉండవు, 'కడుపు నొప్పి' ఒక్కటే ఉంటుంది, సోమవారం పొద్దున.

బీటెక్ అయ్యాక వెళ్ళాలంటే

త్వరగా చెప్పేస్తాను. ఇగ్నోలో ఎమ్మే సైకాలజీకి 2025 దాకా ఏ డిగ్రీ వాళ్ళయినా చేరగలిగేవారు, కనీసం రెండేళ్ళు. రెగ్యులర్‌గా చదవాలంటే యూనివర్సిటీని బట్టి రూల్స్ మారతాయి. స్కూల్ వైపు వెళ్ళాలనుకుంటే ఎమ్మేతో పాటు డిప్లొమా, ముఖ్యంగా పిల్లలతో ఇంటర్న్‌షిప్ చూసుకోండి. క్లినికల్ వైపు మనసుంటే, చేరకముందే మీరు రాయబోయే ఎంట్రన్స్ వాళ్ళని 'ఈ ఎమ్మే ఒప్పుకుంటారా' అని అడగండి. రెండేళ్ళు చదివాక అడిగితే లాభం లేదు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. నిమ్‌హాన్స్ ఒక్కటే రాసి కూర్చోవద్దని అక్క మాట.

ఒక దాంట్లో చేరాక రెండోది మూసుకుపోదు. స్కూల్లో పనిచేసి క్లినికల్‌కి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. అటు నుంచి ఇటు రావడం తక్కువ, మన దగ్గర జీతం దానికి ఒక కారణం. కాబట్టి జీవితాంతానికి అని భయపడక్కర్లేదు. ముందు రెండు చోట్లా ఒక్కో వారం వెళ్ళి కూర్చోండి. గోలలో మీకు ఊపిరి ఆడుతుందా, నిశ్శబ్దంలోనా అన్నది ఎక్సెల్ చెప్పదు.

అక్క స్కూల్లో చేరింది, ఈ జూన్‌లో. ఎంట్రన్స్ రెండేళ్ళ తర్వాత రాస్తానంటోంది. పెద్దమ్మ ఆ రెండో వాక్యం విననట్టు ఉంటోంది. చేరేముందు ప్రిన్సిపాల్‌ని మూడు అడిగింది. గది ఆఫీస్ పక్కన వద్దు. అడ్మిషన్ల టైమ్‌లో తనని టేబుల్ దగ్గర కూర్చోబెట్టొద్దు. పిల్లలు చెప్పినవాటిలో ఏవి తనకి చెప్తుందో, ఏవి చెప్పదో ఒక కాగితం మీద రాసి ప్రిన్సిపాల్ సంతకం చేయాలి. మొదటి రెండూ వెంటనే ఒప్పుకున్నారు. మూడోదానికి పది రోజులు పట్టింది. గది ఏమో స్పోర్ట్స్ సామాన్లు పెట్టేది ఇచ్చారు, మూలన ఇంకా రెండు క్యారమ్ బోర్డులున్నాయి.

మొదటి వారం ఎవరూ రాలేదు. తలుపు మీద కౌన్సెలింగ్ రూమ్ అని ఉండటంతో, తప్పు చేసినవాళ్ళని పంపే గది అనుకున్నారట పిల్లలు. అక్క ఆ బోర్డు తీయించేసి, లంచ్ అవర్‌లో బయట గ్రౌండ్‌లో తిరగడం మొదలుపెట్టింది. నిన్న ఫోన్ చేసింది. రెండో వారంలో ఏడో తరగతి పిల్లాడు ఒకడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడట. ఏంటి నాన్నా అంటే, క్యారమ్ బోర్డు పని చేస్తుందా మేడమ్ అని అడిగాడట.